లెన్స్ లోపలికి దుమ్ము ఎలా చేరుతుంది, ఎలా ఆపాలి: జాతరలు, సఫారీలు తీసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"వెదర్ సీల్డ్ (దుమ్మూ తడీ చొరకుండా అంచులు మూసిన) లెన్సే కదా, లోపల దుమ్మెలా వచ్చింది?" మేడారం జాతర నుంచో తడోబా పులుల సఫారీ నుంచో తిరిగొచ్చి, టార్చి వేసి లెన్స్ చూసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. తప్పు సీలుది అనుకుంటారు గానీ చాలావరకు అది చేతి పని. జూమ్ రింగు తిప్పి బ్యారెల్‌ను బయటికి సాగదీసిన ప్రతిసారీ లెన్స్ లోపల ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి రావాల్సిందే. బ్యారెల్ వెనక్కి పోయినప్పుడు ఆ గాలి బయటికి పోతుంది, దానితో వచ్చిన దుమ్ము మాత్రం చాలావరకు అక్కడే దిగబడుతుంది. కొలిమి తిత్తికీ సాగే జూమ్‌కీ ఈ విషయంలో తేడా లేదు.

అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం రెండు సంగతుల చుట్టూ తిరుగుతుంది. లెన్స్ ఎప్పుడు గాలి పీలుస్తుంది, ఆ క్షణంలో దాని చుట్టూ ఉన్న గాలి ఎలాంటిది. ఈ రెండూ మీ అదుపులో ఉంటే మిగతావి చిల్లర పనులే.

గాలి వచ్చే దారులు

సాగే జూమ్‌లో బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో ఫెల్ట్ పట్టీయో రబ్బరు అంచో పెడతారు. అది ఇసుక రేణువును ఆపుతుంది, నీటిచుక్కను ఆపుతుంది. గాలిని మాత్రం పూర్తిగా ఆపదు, ఆపకూడదు కూడా. నిజంగా గాలి చొరబడకుండా మూసేస్తే జూమ్ తిప్పడానికి బలం చాలదు. గాలి పోయేచోటికి పిండిలాంటి దుమ్మూ పోతుంది.

ఫోకస్ సంగతి లెన్స్‌ను బట్టి మారుతుంది. ఫోకస్ చేస్తుంటే ముందు గ్లాసు ముందుకూ వెనక్కూ జరిగే పాత డిజైన్లు కూడా గాలి పీలుస్తాయి, కాకపోతే కొద్దిగా. ఇంటర్నల్ ఫోకస్ లెన్సుల్లో గ్లాసు గుంపులు లోపలే కదులుతాయి కాబట్టి బయటి గాలి పెద్దగా రాదు.

మూడో దారి కొన్ని వైడ్ లెన్సులకే పరిమితం. కెనాన్ 17-40 ఎఫ్/4ఎల్, ఈఎఫ్ 16-35 ఎఫ్/2.8ఎల్ లాంటివాటిలో బయటి గొట్టం కదలదు, ముందు గ్లాసు దాని లోపల ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ అంచు దగ్గర సీలు లేదు. ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీలింగ్ పూర్తవుతుందని కంపెనీయే చెబుతుంది. యూవీ ఫిల్టర్ కావాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు గానీ, ఈ లెన్సులకు దుమ్ములో ఆ వాదన అనవసరం. పెట్టాల్సిందే.

ఇక మౌంట్, అంటే లెన్స్ కెమెరా బాడీకి బిగిసే చోటు. లెన్స్ వెనక లోహపు రింగు చుట్టూ సన్నటి రబ్బరు అంచు ఉందో లేదో చూడండి. చవక కిట్ లెన్సుల్లో చాలావాటికి ఉండదు. అయితే మౌంట్ దగ్గర దూరే దుమ్ము ఎక్కువగా దెబ్బతీసేది లెన్స్‌ను కాదు, సెన్సర్‌ను.

"వెదర్ సీల్డ్" అన్న మాటకు కొలత లేదు. కొలత ఉన్నది దుమ్ము, నీటి నుంచి రక్షణను అంకెల్లో చెప్పే ఐపీ రేటింగ్‌కే. అందులో మొదటి అంకె దుమ్ముకు సంబంధించినది. 6 అంటే దుమ్ము అసలు చొరబడదు. 5 అంటే కొంత చొరబడుతుంది, పని మాత్రం చెడదు. ఓఎం సిస్టమ్ ఓఎం-1 బాడీది ఐపీ53, లైకా ఎస్ఎల్2ది ఐపీ54. లెన్స్ మార్చుకునే కెమెరాల్లో గట్టివని పేరున్నవే 5 దగ్గర ఆగాయంటే, ఏ అంకే చెప్పని లెన్స్ మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో మీకే అర్థమవుతుంది.

ఏ లెన్స్ పట్టుకెళ్లాలి

పొడవు మారని లెన్స్ దుమ్ములో సగం గెలిచినట్టే. ప్రైమ్‌లు (జూమ్ లేని లెన్సులు), ఇంటర్నల్ జూమ్‌లు (గ్లాసులు లోపలే కదిలేవి) ఈ జాతివి. కెనాన్ పాత ఈఎఫ్ మౌంట్ 70-200 ఎఫ్/2.8లు సాగవు. కెనాన్ మిర్రర్‌లెస్ మౌంట్ ఆర్ఎఫ్‌లో 2019లో వచ్చిన 70-200 ఎఫ్/2.8 సాగుతుంది, 2024లో వచ్చిన జెడ్ మోడల్ సాగదు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 సాగవు. నికాన్ 200-500, టామ్రాన్ 150-600, సిగ్మా 150-600 సాగుతాయి. కెనాన్ 1998లో తెచ్చిన మొదటి 100-400 తోసి లాగే జూమ్, దానికి "డస్ట్ పంప్" అన్న పేరు స్థిరపడిపోయింది.

సాగే లెన్స్ ఉంది కాబట్టి కొత్తది కొనాలని కాదు. 150-600తో ఏళ్ల తరబడి శుభ్రంగా పనిచేసేవాళ్లున్నారు. దానికి ఇవ్వాల్సిన జాగ్రత్త వేరు, అంతే. రెండు బాడీలు ఉంటే లేదా రెండోది అద్దెకు దొరికితే, ఒకదానికి వైడ్, ఒకదానికి టెలీ బిగించి రోజంతా విప్పకపోవడం అన్నింటికంటే మేలు.

ముందురోజు ఇంట్లో చేయాల్సినవి

ఈ పనులన్నీ ఫ్యాను ఆపేసిన గదిలో చేయండి. తడిగుడ్డతో తుడిచిన బల్ల చాలు.

ఫిల్టర్‌నూ ముందు గ్లాసునూ బ్లోయర్‌తో ఊది, లెన్స్‌ను కిందికి వంచి ఫిల్టర్ బిగించండి. తిరిగొచ్చేదాకా దాన్ని విప్పకూడదు. మేడారంలో రాత్రిపూట గద్దెల దగ్గర ఫ్లడ్ లైట్లు నేరుగా పడితే ఫిల్టర్ వల్ల ఫ్రేములో దెయ్యపు మచ్చలు వస్తాయి. ఆ నష్టానికి సిద్ధపడండి. దుమ్ములో నిలబడి ఫిల్టర్ విప్పితే, థ్రెడ్‌లో ఇరుక్కున్న మట్టి రాలి గ్లాసు మీదే పడుతుంది.

తర్వాత టేపు. లెన్స్, బాడీ కలిసే గీత చుట్టూ ఒక చుట్టు, హాట్ షూ (ఫ్లాష్ తగిలించే గాడి) మీద ఒక ముక్క, వాడని పోర్టుల తలుపుల మీద ఒక్కో ముక్క. గాఫర్ టేపు గానీ, పెయింటర్లు వాడే కాగితపు మాస్కింగ్ టేపు గానీ వాడండి. నల్ల ఎలక్ట్రికల్ టేపు వద్దు, ఎండకు జిగురు కరిగి బాడీకి అంటుకుంటుంది, ఆ జిగురుకే దుమ్ము పడుతుంది. టేపు చివర అర అంగుళం మడిచి వదిలితే చేతికి దొరుకుతుంది. జూమ్ రింగు సందు మీద మాత్రం టేపు వేయకండి. ఒకే ఫోకల్ లెంగ్త్‌లో రోజంతా తీయాలనుకుంటే తప్ప.

ఇప్పుడు కవరు. అసలు రక్షణ ఇదే, ఖర్చు చూస్తే ఏమీ లేదు. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవున్న మందపాటి పారదర్శక పాలిథీన్ కవరు తీసుకోండి. మూసి ఉన్న కొసన, మధ్యలో, హుడ్ (లెన్స్ మూతికి తగిలించే నీడ గొట్టం) చుట్టుకొలత కంటే కాస్త చిన్నగా గుండ్రటి రంధ్రం కత్తిరించండి. హుడ్ బిగించిన లెన్స్‌ను లోపలి నుంచి ఆ రంధ్రంలోకి తోసి, హుడ్ అంచు వెనక వెడల్పాటి రబ్బరు బ్యాండు వేయండి. రెండో కొస వెనకవైపు తెరిచి ఉంటుంది, చేతులు అందులోంచే వెళ్తాయి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. జూమ్ కుదించి ఉన్నప్పుడు కవరును బిగుతుగా కట్టేస్తారు. చాలా జూమ్‌లలో హుడ్ ఉండేది కదిలే గొట్టం మీదే. లెన్స్ 8 సెంటీమీటర్లు సాగేదైతే కవరులో కనీసం 15 సెంటీమీటర్ల వదులు ఉంచాలి. లేకపోతే తిప్పిన మొదటిసారే రబ్బరు బ్యాండు ఊడుతుంది, లేదా కవరు చినుగుతుంది.

ఈ కవరు గొప్పతనం దుమ్మును గ్లాసుకు తగలకుండా ఆపడం కాదు. లెన్స్ పీల్చేది ఇకమీద బయటి గాలిని కాదు, కవరులోని గాలిని. అందుకే కవరు తొడిగే పని ఇంట్లోనే పూర్తి చేయాలి. అక్కడికి వెళ్లాక తొడిగితే దుమ్మును లోపల పెట్టి కట్టినట్టే. వెనకవైపు కొసను ఎప్పుడూ నేలవైపు ఉంచండి. మధ్యాహ్నం ఎండలో వీడియో తీస్తే లోపల వేడి పెరిగి బాడీ ఆగిపోవచ్చు, అప్పుడు నీడకు వెళ్లి వెనకవైపు తెరిచి పట్టుకోండి.

సంచిలో ఉండాల్సినవి: రబ్బరు బ్లోయర్, మెత్తటి బ్రష్షులు రెండు (ఒకటి బయటి భాగాలకు, ఒకటి గ్లాసుకు, రంగు టేపుతో గుర్తు పెట్టుకోండి), జిప్ కవర్లలో విడివిడిగా నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, అర చుట్ట మాస్కింగ్ టేపు, రెండు ఖాళీ పెద్ద కవర్లు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వీటిలో చాలావరకు దొరుకుతాయి, బ్రష్షు మాత్రం మేకప్ షాపులో మెత్తనిది దొరుకుతుంది. స్ప్రే డబ్బాలో వచ్చే గాలి వద్దు, డబ్బా వంగితే చల్లటి ద్రవం గ్లాసు మీద పడుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ అస్సలు వద్దు. ఆ గాలిలో నూనె, నీరు రెండూ ఉంటాయి. పైగా ఆ ఒత్తిడికి బయటి దుమ్ము సీలు దాటి నేరుగా లోపలికి పోతుంది. దుమ్ములోంచి రాగానే "ఒక్కసారి గాలి కొట్టవా అన్నా" అని అడిగి పాడుచేసుకున్న లెన్సులకు కొదవ లేదు.

అక్కడ, పని మధ్యలో

ముందు సఫారీ. చంద్రపూర్ జిల్లాలోని తడోబా మన ఆదిలాబాద్ వైపు నుంచి దగ్గర కాబట్టి తెలుగు ఫొటోగ్రాఫర్లు అక్కడికి ఎక్కువ వెళ్తారు, అదీ పులులు నీళ్లకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో. ఓపెన్ జిప్సీ, ఎండిన మట్టిదారి, ముందు ఇంకో జిప్సీ. బండి కదులుతున్నంతసేపూ జూమ్ పూర్తిగా కుదించి, జూమ్ లాక్ వేసి, లెన్స్‌ను ఒళ్లో పెట్టుకుని మందపాటి తువ్వాలు కప్పండి. లాక్ వేయకపోతే కుదుపులకు బరువైన బ్యారెల్ దానంతట అదే జారుతూ, ఎక్కుతూ ఉంటుంది. మీరు ముట్టుకోకుండానే లెన్స్ గాలి పీలుస్తూ కూర్చుంటుంది. ముందు బండికీ మీకూ మధ్య దుమ్ము తెర అణిగేంత దూరం ఉంచమని డ్రైవర్‌కు మొదట్లోనే చెప్పండి, పులి కనిపించాక చెప్పినా ఎవరూ వినరు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన అలవాటు. 150-600 లెన్స్‌ను 600 దాకా సాగదీసి పది నిమిషాలు తీశారనుకోండి. సాగి ఉన్న లోపలి గొట్టాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. నల్లటి గొట్టం మీద సన్నటి మట్టి పొర కనిపిస్తుంది, వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. ఇప్పుడు జూమ్ కుదిస్తే ఫెల్ట్ పట్టీ ఆ పొరలో కొంత గీకి సందు అంచున గోధుమరంగు ఉంగరంలా వదిలేస్తుంది. మిగతాది గొట్టంతోపాటు లోపలికి పోతుంది. అక్కడ హెలికాయిడ్ (గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపే మర) మీద గ్రీజు ఉంటుంది. మట్టిలోని క్వార్ట్జ్ రేణువు కాఠిన్యం మోస్ స్కేలు మీద 7, చాలా ఆప్టికల్ గ్లాసుల కంటే ఎక్కువ. గ్రీజూ క్వార్ట్జూ కలిస్తే తయారయ్యేది సానపెట్టే ముద్ద. జూమ్ రింగు కొన్ని నెలల తర్వాత గరగరలాడటం మొదలయ్యేది ఇలాగే.

కాబట్టి కుదించే ముందు: లెన్స్ మూతి నేలవైపు వంచండి. బ్రష్షుతో సందు దగ్గర మొదలుపెట్టి హుడ్ వైపు, చుట్టూ తిరుగుతూ నాలుగైదు సార్లు తుడవండి. బ్లోయర్‌ను రెండుమూడు సార్లు గాల్లోకి నొక్కి దానిలో ఉన్న దుమ్ము వదిలించి, తర్వాత గొట్టం వెంబడి ఏటవాలుగా, హుడ్ వైపే ఊదండి. సందులోకి ఎప్పుడూ ఊదకూడదు. ఆ తర్వాత మెల్లగా, మూడు సెకన్లు పట్టేలా కుదించండి. మొత్తం ఇరవై సెకన్ల పని. సాగదీసేటప్పుడూ మెల్లగానే. విసురుగా తిప్పితే సందులోంచి గాలి విసురుగా దూరుతుంది, వేగంగా వచ్చే గాలి బరువైన రేణువును కూడా లాక్కొస్తుంది.

మేడారంలో లెక్క వేరు. రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి, ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో నాలుగు రోజులు జరిగే జాతర అది. మట్టి దుమ్ము ఎటూ ఉంటుంది. దానికి తోడు పసుపు, కుంకుమ, బంగారం అని పిలిచే బెల్లం. చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వచ్చేటప్పుడు గానీ, గద్దెల మీదికి జనం బెల్లం ముక్కలు, కొబ్బరికాయలు విసిరేటప్పుడు గానీ పైనుంచి ఏం పడుతుందో చెప్పలేం. అక్కడ హుడ్ అంటే నీడ కోసం కాదు, డాలు. జూమ్ వాడటం తగ్గించి, 35 ఎంఎం లాంటి ప్రైమ్‌తో కాళ్లతోనే దగ్గరికి, దూరానికి జరగడం మంచిది, జనం జరగనిస్తే. కొమురవెల్లి మల్లన్న దగ్గర బండారి (పసుపు) చల్లే వేళ కూడా ఇదే పద్ధతి.

పసుపు పడిందా, ముట్టుకోకండి. తడిగుడ్డ అసలు పెట్టకండి. పసుపు రంగు నీళ్లలో కరగదు, తడి తగిలితే పేస్టవుతుంది. బజారు కుంకుమల్లో కలిపే రంగులు కొన్ని నీళ్లలో కరిగి, తుడిచినకొద్దీ రింగు సందుల్లోకి పాకుతాయి. రెండింటికీ ముందు పొడి బ్రష్షే. బెల్లం మాత్రం తిరగేసిన లెక్క, అది నీటికే వదులుతుంది. పిండిన తడిగుడ్డతో వెంటనే తుడవాలి, ఆలస్యమైతే దాని మీద దుమ్ము అతుక్కుని గట్టిపడుతుంది.

గుంటూరు మిర్చి యార్డులో తీసేవాళ్లకు ఒక్క మాట: లెన్స్ కంటే ముందు ఐకప్ (వ్యూఫైండర్ చుట్టూ కంటికి ఆనే రబ్బరు) తుడుచుకోండి. కారం పొడి కంట్లో పడితే ఆ రోజుకు పని అయిపోయినట్టే.

లెన్స్ మార్చక తప్పకపోతే కారులోకి వెళ్లండి. అద్దాలు ఎక్కించి, ఏసీ బ్లోయర్ ఆపి, పది నిమిషాలు కదలకుండా కూర్చోండి, గాలిలో ఉన్న దుమ్ము దిగాలి. కారు లేకపోతే పెద్ద పారదర్శక కవరులో బాడీ, రెండో లెన్స్ పెట్టి చేతులు లోపలికి పెట్టి మార్చండి. కెమెరా ఆఫ్ చేయండి, మౌంట్ చుట్టూ బ్రష్షుతో తుడిచాకే బటన్ నొక్కండి, మౌంట్ కిందికి చూస్తూ ఉండాలి. వెనక క్యాప్ లోపల ఊదడం మరిచిపోవద్దు, దుమ్మంతా దాగేది అక్కడే. కొన్ని మిర్రర్‌లెస్ బాడీల్లో పవర్ ఆపితే షట్టర్ మూసుకునే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. కానీ మూసి ఉన్న షట్టర్ రేకుల మీద గట్టిగా ఊదకండి, అవి చాలా పల్చగా ఉంటాయి.

తిరిగొచ్చాక: విప్పే ముందు తుడవండి

అలసిపోయి వచ్చి సంచి మంచం మీద పడేసి, లెన్సులు విప్పి పక్కన పెట్టేయడం సహజం. సరిగ్గా అక్కడే రోజంతా పడ్డ కష్టం వృథా అవుతుంది. క్రమం ఇది:

1. సంచి నుంచి కెమెరాను కవరుతో సహా బయటికి తీయండి. బాల్కనీలో గానీ ఆరుబయట గానీ కవరును మూతివైపు నుంచి వెనక్కి, లోపలి భాగం బయటికి రాకుండా ఊడదీయండి. కవరు పారేయండి, మళ్లీ వాడొద్దు.

2. జూమ్ కుదించి ఉన్న స్థితిలోనే, లెన్స్ మూతి కిందికి పెట్టి, బయటి భాగమంతా పొడి బ్రష్షుతో తుడవండి. రింగుల రబ్బరు గాడుల్లో బ్రష్షు అడ్డంగా నడపండి.

3. టేపు మెల్లగా, గీతకు సమాంతరంగా లాగండి. పైకి ఎగదీస్తే అంచున పేరుకున్న మట్టి ఎగురుతుంది.

4. సందులో రేణువులు కనిపిస్తే మాస్కింగ్ టేపును జిగురు బయటికి వచ్చేలా వేలికి చుట్టి, సందు వెంబడి అద్దుతూ పొండి. ఊదడం కంటే ఇది నయం, రేణువు ఎక్కడికి పోయిందో కళ్లముందే కనిపిస్తుంది.

5. నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ, బ్యారెల్ తుడవండి. విశాఖ బీచ్ నుంచి వచ్చినవాళ్లు ఈ పని ఆ సాయంత్రమే చేయాలి. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని మౌంట్ స్క్రూలను తినేస్తుంది.

6. ఇప్పుడు జూమ్ మెల్లగా పూర్తిగా సాగదీసి, లోపలి గొట్టాన్ని ఇందాకటి పద్ధతిలోనే బ్రష్షు, బ్లోయర్, చివర పొడి మైక్రోఫైబర్‌తో తుడిచి కుదించండి.

7. అన్నింటికంటే చివర ఫిల్టర్. మూతి నేలవైపు ఉంచి విప్పండి. ఫిల్టర్‌ను కుళాయి కింద ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడగొచ్చు. పసుపు మరక మిగిలితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు గుడ్డకు వేసి తుడవండి, పసుపు దానికి కరుగుతుంది. ఆల్కహాల్‌ను రబ్బరు రింగులకు, రంగు వేసిన అంకెలకు తగలనివ్వొద్దు. రబ్బరు మీద మిగిలిన పసుపు వల్ల ఏ నష్టమూ లేదు.

రింగు తిప్పుతుంటే కరకర వినిపించిందా, ఆపేయండి. ఇంకోసారి తిప్పి చూద్దామన్న బుద్ధి పుడుతుంది, వద్దు. ఆ రేణువు ప్రతి తిప్పుకూ ఇంకో గీత గీస్తుంది. టేపు అద్దే పద్ధతి రెండుసార్లు చేసినా శబ్దం పోకపోతే సర్వీసుకే.

లోపల చేరిందా లేదా తేల్చుకోవడం

ముందు మచ్చ సెన్సర్‌దో లెన్స్‌దో తేల్చాలి. అపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/22, ఐఎస్‌ఓ 100, మాన్యువల్ ఫోకస్. దగ్గర్లోని తెల్లటి గోడకు గురిపెట్టి, ఫోకస్ ఇన్ఫినిటీకి తిప్పి, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను కాస్త కదిలిస్తూ తీయండి. గోడ మీది మచ్చలు చెరిగిపోతాయి, కెమెరా లోపలివి నిలుస్తాయి. ఇంకో లెన్స్ బిగించి మళ్లీ తీయండి. అదే చోట అదే నల్లటి చుక్క వస్తే అది సెన్సర్ మీదిది. జూమ్ మారిస్తే మచ్చ జరిగినా, పెరిగినా అది లెన్స్‌ది. సెన్సర్ మీద వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఫొటోలో పైన ఎడమవైపు కనిపించిన చుక్క, మౌంట్ వైపు నుంచి చూస్తే కింద ఎడమవైపు ఉంటుంది. పై కిందలు మారతాయి, కుడి ఎడమలు మారవు.

లెన్స్‌కైతే గది చీకటి చేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. విడివిడి చుక్కలు దుమ్ము. కొమ్మలు చాచిన సన్నటి దారాలు ఫంగస్. గ్లాసంతా పాలపొరలా ఉంటే హేజ్. అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల పొక్కులు కనిపిస్తే అతికించిన గ్లాసులు విడిపోతున్నాయి. టార్చి పరీక్షలో కొత్త లెన్స్ కూడా భయపెడుతుంది, డబ్బాలోంచి తీసినదానిలోనూ నాలుగు చుక్కలు ఉంటాయి.

మరి ఆ చుక్కలు ఫొటోలో ఎందుకు కనపడవు? లెక్క వేసి చూద్దాం. 50 ఎంఎం లెన్స్ ఎఫ్/2 దగ్గర కాంతి వచ్చే ద్వారం 25 మిల్లీమీటర్లు. దానిలో 0.2 మిల్లీమీటర్ల రేణువు అడ్డుపడేది 15,625వ వంతు కాంతికి. ఎవరికీ తెలియదు. ఎఫ్/16కు వెళ్తే ద్వారం సుమారు 3 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అదే రేణువు 244వ వంతు ఆపుతుంది. అందుకే దుమ్ము బయటపడేది చిన్న అపర్చర్లలో, వైడ్ లెన్సుల్లో, సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు, బొకే బంతుల (ఫోకస్‌లో లేని దీపాలు గుండ్రటి మచ్చలుగా కనిపించడం) లోపల. ముందు గ్లాసు వెనకున్న దుమ్ము కంటే చివరి గ్లాసు దగ్గరున్న దుమ్ము ప్రమాదకరం.

మా సలహా సూటిగా: మీరు నిజంగా తీసే ఫొటోల్లో కనిపించకపోతే వదిలేయండి. లోపల దుమ్ము ఉందని లెన్స్ విప్పించి, తిరిగొచ్చాక ఒక మూల మసకబారిందని ఏడ్చినవాళ్లే ఎక్కువ. ఫంగస్ అయితే మాత్రం ఆగొద్దు, అది పెరుగుతుంది, కోటింగును తింటుంది.

విప్పాలనే అనుకుంటే

ఇంట్లో విప్పదగ్గవి రెండు రకాలు. పాత మాన్యువల్ ప్రైమ్‌లు మొదటివి. ముందు గ్లాసు గుంపు సులువుగా ఊడి వచ్చే కొన్ని జూమ్‌లు రెండోవి, కెనాన్ ఈఎఫ్-ఎస్ 17-55 ఎఫ్/2.8 దీనికి పేరుమోసిన ఉదాహరణ. ముందున్న పేరు రింగు లేపితే కింద స్క్రూలు, వాటి కింద గ్లాసు, దాని వెనకే దుమ్ము. స్టెబిలైజర్ గుంపు దాకా పోవాల్సిన పనైతే చేయి పెట్టకండి.

స్క్రూలు చూడ్డానికి మామూలు ఫిలిప్స్‌లా ఉంటాయి గానీ జపాన్ లెన్సుల్లో చాలావరకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. ఫిలిప్స్ డ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. జేఐఎస్ 000, 00 సైజు డ్రైవర్లు కొనండి. గది కోసం బాత్రూమ్ మంచిది: వేడినీళ్లు పది నిమిషాలు వదిలి, ఆవిరి దుమ్మును కిందికి దించాక, పూర్తిగా ఆరేవరకు ఆగి అప్పుడు మొదలుపెట్టండి.

పేరు రింగును రబ్బరు మూతతో తిప్పి గానీ, అతికించినదైతే గట్టి టేపుతో లేపి గానీ తీయండి. స్క్రూ విప్పే ముందే గ్లాసు ఫ్రేముకూ బ్యారెల్‌కూ కలిపి సన్నటి మార్కర్‌తో గీత పెట్టండి. ఫ్రేము కింద కాగితంలా పల్చటి రింగులు ఉండొచ్చు. అవి షిమ్‌లు. ఎన్ని, ఏ వైపు, ఏ వరుసలో ఉన్నాయో ఫొటో తీసుకోండి. అవి గ్లాసు ఎత్తునూ, వంపునూ సరిచేయడానికి ఫ్యాక్టరీలో లెక్కగా పెట్టినవి, ఒక్కటి మారినా ఫోకస్ ఒక పక్కకు ఒరుగుతుంది. స్క్రూలను ఉన్న చోటు ప్రకారం టేపు మీద వరుసగా అతికించండి. లోపలి గ్లాసును ఊదడమే, రుద్దొద్దు. ఊదినా పోని ఒకటీ అరా చుక్కను అక్కడే వదిలేయడం తెలివైన పని, దాన్ని గుడ్డతో తీయబోతే పది పీచులు చేరతాయి.

గీతకు గీత కలిపి, స్క్రూలు ఒక్కోటి సగం సగం బిగిస్తూ వలయంగా పూర్తి చేయండి. తర్వాత గోడకు న్యూస్‌పేపర్ షీట్లు నాలుగు అతికించి, ట్రైపాడ్ మీద కెమెరాను గోడకు సమాంతరంగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి. ఒక మూల మాత్రమే మసగ్గా ఉంటే గ్లాసు వంకరగా కూర్చుంది, మళ్లీ విప్పాల్సిందే.

సర్వీసుకు ఇచ్చేవాళ్లు ముందే ఈ పేపర్ పరీక్ష ఫొటో తీసి దాచుకోండి, తిరిగొచ్చాక పోల్చడానికి. ఇసుక, దుమ్ము వల్ల వచ్చిన నష్టం సాధారణంగా వారంటీ కిందికి రాదని కూడా తెలిసి ఉండటం మంచిది.

దాచేటప్పుడు

దుమ్ము, తేమ కలిస్తే ఫంగస్‌కు తిండీ నీళ్లూ దొరికినట్టే. గాలి చొరబడని మూత ఉన్న ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, లోపల చిన్న హైగ్రోమీటరు (తేమ కొలిచేది), 200 నుంచి 250 గ్రాముల సిలికా జెల్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. 30 కంటే కిందికి పోతే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. నారింజ రంగు జెల్ రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగుదానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంటకు వాడే ఓవెన్‌లోనూ గిన్నెల్లోనూ దాన్ని పెట్టకండి. ఏ రంగుదైనా గింజలను విడిగా డబ్బాలో పోయొద్దు. ఒకదానితో ఒకటి రాసుకుని సన్నటి పొడి రాలుస్తాయి, జూమ్ తిప్పినప్పుడు లెన్స్ దాన్నీ పీలుస్తుంది. నేత దట్టంగా ఉన్న గుడ్డ సంచిలో కట్టి మూలన పెట్టండి.